తాళంచెవి కూడా జతపరచడమైనది

జూన్ వస్తే కాలువలకు నీళ్లెప్పుడొదులుతారని రైతులు ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తారు. ఉద్యోగులు సెల్‌ఫోన్ల వైపు చూస్తారు. జీతంలో కోసిన పన్ను లెక్కతో ఆఫీసువాళ్లిచ్చే ఫారం 16 రావాలి మరి. గడువు జూన్ 15. దాటితే రోజుకు వంద రూపాయలున్న జరిమానాను 2022లో 500 చేశారు. అది కట్టిన పుణ్యాత్ముడెవరైనా డెల్టాలో ఉంటే చూసి దండం పెట్టుకోవాలని ఉంది.

ఇప్పుడది కాగితం కాదు. ట్రేసెస్ పోర్టల్లోంచి దిగి, డిజిటల్ సంతకం చేయించుకుని, మెయిల్లో వస్తుంది. పాస్‌వర్డ్ కొట్టనిదే తెరుచుకోదు. ఆ పాస్‌వర్డ్ ఏమిటో అదే మెయిల్లో రెండో పేరాలో ఉంటుంది: మీ పాన్ నంబరు, పక్కన పుట్టినతేదీ. బీరువాకు తాళం వేసి, చెవిని దాని హ్యాండిల్‌కే తగిలించి, 'మీ భద్రతే మా బాధ్యత' అని చీటీ అంటించినట్టు.

పాన్‌లో ఉండేవి పది. నాలుగో అక్షరం మామూలు మనిషికైతే ఎప్పుడూ 'పి'. ఐదోది ఇంటిపేరులో మొదటిది. మిగతా ఎనిమిదింటి కోసం ఏ హ్యాకరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. విజయవాడ బీసెంట్ రోడ్డులో రెండు లక్షలు దాటి నగలు కొంటే ఆ కొట్లో ఇస్తాం, స్థలం కొంటే రిజిస్ట్రారాఫీసులో ఇస్తాం. గవర్నర్‌పేట జెరాక్సు షాపులో సరిగ్గా రాని కాపీ మిర్చిబజ్జీల బండి దాకా వెళ్తుంది.

పుట్టినతేదీ ఇంకా గొప్ప రహస్యం. పామర్రు, అవనిగడ్డ పక్క పల్లెల్లో పాతతరం వాళ్లు చాలామంది జూలై 1నే పుట్టారు. కన్నతల్లి 'కృష్ణకు వరదొచ్చిన ఏడు, వినాయకచవితి ముందు' అని చెప్పింది. హెడ్మాస్టరుగారు అంత లెక్క కట్టలేక జూలై 1 వేశారు. ఇవాళ ఆదాయపు పన్ను రహస్యాలకు కాపలా ఉన్నది ఆయనగారి బద్ధకమే.

గాంధీనగర్ నెట్ సెంటర్లో ఏ సాయంత్రమైనా వినపడే సంభాషణ ఇది.

"బాబాయ్ గారూ, పెద్దక్షరాలు తీసుకోవట్లేదండీ."

"కార్డు మీద పెద్దవేగా ఉన్నాయి బాబూ?"

"ఇది మీ ఆఫీసువాళ్లది కాదు, ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ల ఏఐఎస్. దీనికి చిన్నక్షరాలు. 26ఏఎస్‌కైతే పాన్ కూడా అక్కర్లేదు, పుట్టినతేదీ చాలు."

"నా పుట్టినతేదీ నీకెలా తెలుసు?"

"జూలై 1 కాదాండీ?"

కుర్రాడు మంచివాడు. మళ్లీ మళ్లీ కొట్టే బాధ లేకుండా పాస్‌వర్డ్ తీసేసి, ఫైలు డెస్క్‌టాప్ మీద దాస్తాడు. పైనుంచి కిందిదాకా వరసగా పేర్లు, జీతాలు. సంబంధాల పేరయ్యకు ఇంతకు మించిన నిధి ఏముంటుంది?

కొన్ని ఆఫీసుల్లో ఈ శ్రమ కూడా లేదు. అకౌంటెంటు గారు అందరి ఫారాలూ ఒకే జిప్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. కింద 'ఎవరిది వాళ్లు తీసుకోండి' అని ఒక సలహా, పక్కన దండం బొమ్మ. రిటైరై ఏళ్లయిన సూపర్నెంటుగారు ఇప్పటికీ ఆ గ్రూపులోనే ఉన్నారు, అందరివీ తీసుకుంటారు. పాస్‌వర్డ్ విడిగా ఎవరి ఫోనుకు వాళ్లకు ఎస్సెమ్మెస్ పంపొచ్చు కదా అంటే, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ లేదంటారు. అసలు మన జీతంలో కోసిన పన్నంతా పోర్టల్లోకి లాగిన్ అయితే కనపడుతూనే ఉంది. ఉన్నచోట చూసుకుంటే పోయేదానికి ఊరంతా తిప్పడం దేనికో నాకు తెలియదు.

ఇక ఆ డిజిటల్ సంతకం. కంప్యూటర్లో దాన్ని సరిచూసి నొక్కితే పచ్చ టిక్కు పడుతుంది. నొక్కకపోతే పసుప్పచ్చ ప్రశ్నార్థకం అలాగే ఉంటుంది. నెట్ సెంటర్లో ఎవరు నొక్కుతారు? ప్రశ్నార్థకంతోనే ప్రింటు తీసి, ఇంటిలోను కోసం ఇస్తే, అవతల ఆఫీసరు కళ్లద్దాలు సవరించుకుంటాడు.

"దీని మీద సంతకం లేదే?"

"డిజిటల్ సంతకమండీ. చెల్లుతుందని 2007లోనే సర్క్యులర్ ఇచ్చారు."

"ఆ ప్రశ్న గుర్తు మీదేనా, మాదా? రౌండు స్టాంపు వేయించి, ఇంకుతో సంతకం పెట్టించి, స్కాన్ చేసి మెయిల్ చేయండి. అన్నట్టు పాస్‌వర్డ్ మాత్రం పెట్టకండి మాస్టారూ, మా సిస్టంలో తెరుచుకోవు."