బ్రోకరేజీ బావగారు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఏ తెలుగింట వ్రతం జరిగినా బ్రోకరేజీ బావగారు ఒకరు తగులుతారు. పులిహోర పళ్లెంతో గరాజ్ దగ్గర కాపు కాస్తుంటారు. యోగక్షేమాలు అడగరు. "బ్రదర్, చెకింగ్ ఎకౌంట్‌లో ఎంతుంచావ్?" అంటారు.

రెండో మూడో వేలని నసిగామా, దొరికిపోయామన్నమాటే. "దండగ! వంద డాలర్లు ఏడాదంతా పెడితే బ్యాంకువాడు ఇచ్చేది ఒక్క సెంటు. నేనైతే బ్యాంకు గడప తొక్కడం మానేశా."

ఆయన్ని తయారుచేసింది 2023. ఆ మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలింది. ఏడాది తిరిగేలోపు మనీ మార్కెట్ ఫండ్ల రాబడి ఐదు శాతం దాకా పాకింది. అంతే, జీతం, ఇంటి వాయిదా, కరెంటు బిల్లు, కాస్ట్‌కో సరుకులు అన్నీ బ్రోకరేజీ కంపెనీలో షేర్లున్న ఖాతాలోకే చేరాయి. ఏ మూలనున్న ఏటీఎంలోనైనా సరే ఇరవై డాలర్లు తీస్తారు. మూడు డాలర్ల ఫీజు వెనక్కి రాగానే ఫోను మన మొహం ముందు పెట్టి, "చూశావా!" అంటారు. ఆ మెరుపు కొడుకు రిపోర్టు కార్డు చూసినప్పుడు కూడా ఆయన కళ్లలో కనపడదు.

కంపెనీ మునిగితే అంటారా? ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు. పళ్లెం కింద పెట్టేస్తారు. "ఖాతాదారుల షేర్లు వాడి సొంత ఆస్తుల్లో కలపకూడదు, రూలు! అయినా లెక్క తేడా వస్తే సిపిక్ ఉంది, 1970 నాటి చట్టం పెట్టిన సంస్థ. ఐదు లక్షల డాలర్ల వరకూ పూచీ. అందులో నగదుకు రెండున్నర లక్షలే. కానీ మనీ మార్కెట్ ఫండ్ నగదు కాదు బ్రదర్, షేరు కింద లెక్క!"

మరి 2008లో రిజర్వ్ ప్రైమరీ అనే మనీ మార్కెట్ ఫండ్ డాలరు నుంచి 97 సెంట్లకు పడిపోయిందిగా? "అది మునిగిపోయిన లేమన్ బ్రదర్స్ కాగితాలు కొన్నది. నాది ప్రభుత్వ బాండ్ల ఫండ్." నిజమే. బావగారు చెప్పేదాంట్లో తప్పుండదు. ఆయనతో చిక్కంతా అక్కడే.

అమెరికాలో పెద్ద బ్రోకరేజీ మునగడం అరుదు. కార్డు కాజేసేవాడు మాత్రం రోజూ తిరుగుతుంటాడు. కంపెనీ దివాలా తీసి మన సొమ్ము లెక్క తేలకపోతేనే సిపిక్ వస్తుంది. దొంగ దూరాడంటే రాదు. ఇంత తెలిసిన మనిషి పెట్రోలు బంకులో ఊడొచ్చేలా ఉన్న మెషీన్‌లో ఆ ఖాతా కార్డునే నిశ్చింతగా గుచ్చుతారు. మొన్న తమ ఇంట్లో వ్రతం చేయించిన పంతులుగారికి నూటొక్క డాలర్ల చెక్కు రాసిచ్చారు. అడుగున ఉన్న అంకెలు పదిహేనేళ్ల పొదుపంతా ఉన్న ఖాతావి.

"జెల్ చేసేస్తారా?" అన్నారు పంతులుగారు మొహమాటంగా. ఖాతాలోంచి ఖాతాకి క్షణాల్లో డబ్బు పంపే ఆ సౌకర్యం ఆయన బ్రోకరేజీలో లేదు. బావగారు గొంతు సవరించుకున్నారు.

అక్కయ్య వంటింట్లోంచే, "నా బ్యాంకులోంచి పంపేశానండీ, చెక్కు తిరిగి ఇచ్చేయండి," అంది. ఆ బ్యాంకు ఖాతా ఎప్పటినుంచో ఉంది. పనిమనిషికీ, పిల్లల డాన్సు టీచరుకూ, పార్టీ ఖర్చుల్లో వాటాకూ అదే దిక్కు. పాలకోవా పంచుతూ ఆవిడ చెప్పిన సలహా మూడు ముక్కల్లో తేలిపోయింది: "అదే కంపెనీలో ఇంకో ఖాతా తెరవండి. నెల ఖర్చు మాత్రం వేయండి. కార్డూ చెక్కులూ దానికే ఉంచండి."

బావగారు మాట్లాడలేదు. మరుసటి వారం గృహప్రవేశంలో మాత్రం కొత్త కుర్రాడొకడు ఆయన చేతికి చిక్కాడు. "బ్రదర్, అంతా ఒకే ఖాతాలో పెట్టావా? కొంప ముంచుకుంటావ్! రెండు ఖాతాల పద్ధతని ఒకటుంది. నేనే కనిపెట్టా."