ఇంటి కంప్యూటర్‌లో గుట్టు దాచుకొను విధానము

ఈ పనికి ముందు కావాల్సింది కంప్యూటర్ కాదు, గుట్టు. ఖానాపూర్‌లో దొరకని సరుకు అదే. సదర్మాట్ కాలువ కింద మీకు రెండెకరాల పొలం ఉందనుకుందాం. అమ్మకానికి పెట్టారు, బేరం తెగింది. ఎకరం ఎంతకు పోయిందో దుబాయిలో ఉన్న తమ్ముడికి తెలియాలి, గెట్టు పక్క పాలోళ్లకు తెలియొద్దు. బయానా చేతులు మారిన సాయంత్రానికే బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లందరికీ ఆ రేటు తెలిసి ఉంటుంది. ఒకరిద్దరు మీ ముందే దానికి లక్ష కలిపి చెప్తారు కూడా. నిరాశ పడకండి. నలుగురి నోళ్లలో నలిగిన గుట్టుకు తాళం వేయనని ఏ సాఫ్ట్‌వేరూ మొండికేయదు.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు గ్నూపీజీ. విండోస్ కంప్యూటర్ అయితే 'జీపీజీ ఫర్ విన్' దించుకోండి, దాంతోపాటే క్లియోపాత్రా అనే ప్రోగ్రాం వస్తుంది. మీరు బనీను మీద, ఫ్యాను కింద కూర్చుని దించుకుంటున్న ఈ వస్తువు సామాన్యమైనది కాదు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికా ఆయన పీజీపీ పేరుతో దీనికి ముందుదాన్ని రాసి ఉచితంగా వదిలాడు. అది దేశం దాటింది కాబట్టి ఆయుధాల ఎగుమతి లెక్కలోకి వస్తుందని అక్కడి ప్రభుత్వం విచారణ మొదలుపెట్టి, ఆయన్ని మూడేళ్లు తిప్పి, 1996 జనవరిలో ఊరుకుంది. ఆలోపు, 1995లో, ఎంఐటీ ప్రెస్ వాళ్లు ఆ ప్రోగ్రాం మొత్తాన్ని పుస్తకంగా అచ్చేశారు. డిస్కు దేశం దాటితే ఆయుధం, కాగితం దాటితే పుస్తకం. రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తర్కం వెంటనే ఎక్కుతుంది.

గ్నూపీజీని మాత్రం జర్మనీలో వెర్నర్ కోఖ్ 1997లో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. 2015లో ఆయన దగ్గర డబ్బులు అయిపోతున్నాయని పేపర్లో పడ్డాక గానీ లోకం జేబులో చెయ్యి పెట్టలేదు. దించుకునే ముందు విరాళం ఎంత ఇస్తారని అడుగుతుంది. సున్నా నొక్కండి. గణపతి మండపానికి ఐదువేలు రాసిన చెయ్యి ఇక్కడ వణకదు.

తర్వాత కొత్త కీల జత పుట్టించాలి. ఒకటి పబ్లిక్ కీ, ఊరందరికీ పంచేది. మీకు రాసే మాటకు దాంతో ఎవరైనా తాళం వేయొచ్చు. రెండోది ప్రైవేట్ కీ, మీ దగ్గరే ఉండేది. ఆ తాళం దీనికి తప్ప దేనికీ రాదు, వేసినవాడికి కూడా తీయరాదు. ఈ ముక్క అర్థం కాకపోతే మళ్లీ చదవకండి, ముందుకు పోండి. ప్రైవేట్‌ది పంచిపెట్టి పబ్లిక్‌ది బీరువాలో చీరల కింద దాచేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

పేరు అడుగుతుంది. ఆధార్‌లో ఉన్నది రాయాలా, పదో తరగతి మెమోలోదా, పాస్‌పోర్టులోదా అన్నది మీ ఇష్టం. మూడూ ఒకటి కావు కాబట్టి మీకు మూడు అవకాశాలున్నాయి. పట్టాదారు పాస్‌బుక్కులోది మాత్రం రాయకండి, దాన్ని సరిచేయమని పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది. కీ ఎంత పొడుగు ఉండాలంటే 4096 అనండి. చిన్న సంఖ్యతో ఇప్పుడు అంతకన్నా గట్టి పద్ధతులు వచ్చాయి గానీ, బంధువులకు చెప్పుకోవడానికి పెద్ద సంఖ్యే బాగుంటుంది. పాత వెర్షన్ అయితే ఇక్కడ ఆగిపోయి, కీకి సరిపడా గందరగోళం దొరకడం లేదు, మీరు వేరే పని చేసుకోండి, మౌస్ కదిలించండి అని ప్రాధేయపడుతుంది. ఎండాకాలం సెలవుల్లో చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఈ మెట్టు పెట్టుకుంటే నిమిషంలో అయిపోతుంది.

పాస్‌వర్డ్ దగ్గర జాగ్రత్త. ఒక్క మాట చాలదు, ఏ పుస్తకంలోనూ అచ్చుకాని నాలుగైదు మాటల వాక్యం కావాలి. చిన్నప్పుడు మీ అవ్వ మిమ్మల్ని మాత్రమే తిట్టిన తిట్టు దీనికి పనికొస్తుంది. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. 'వ'కు వీ పెట్టాలా డబ్ల్యూ పెట్టాలా, దీర్ఘానికి ఏ ఒకటా రెండా, 'ళ'కు ఏం చేయాలి? ఇట్లా ఒక్క తిట్టుకే పదుల కొద్దీ స్పెల్లింగులు తయారవుతాయి. దొంగ కనిపెట్టలేడు. వారం తర్వాత మీరూ కనిపెట్టలేరు. కొట్టేటప్పుడు తెర మీద చుక్కలే పడతాయి కాబట్టి చాలామంది పైకి చదువుకుంటూ కొడతారు, వంటింట్లోంచి ఆ తిట్టుకు తగిన జవాబు వస్తుంది.

ప్రైవేట్ కీని ఎక్కడ దాచాలి? పెన్‌డ్రైవ్‌లో పెట్టి వేరే చోట ఉంచమని పెద్దలు చెప్తారు. మీ ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో బతుకమ్మ డీజే పాటలు, బావమరిది రెజ్యూమె, మిక్సీ బిల్లు ఇప్పటికే ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవ్ వారంలో నాలుగు రోజులు జిరాక్స్ సెంటర్‌లో ఉంటుంది. కనుక 'వేరే చోట' అనే షరతు తీరినట్టే. కీ పోతే దాన్ని రద్దు చేయడానికి ఒక పత్రం కూడా పుడుతుంది. పొరపాటున ఎవరూ వాడకుండా దాని మొదట్లో కావాలనే ఒక కోలన్ గుర్తు పెట్టి ఉంచుతారు, ప్రింటు తీసి భద్రపరచుకొమ్మంటారు. ప్రింటు తీయండి. ఆ కోలన్ అచ్చుతప్పనుకుని ఆపరేటర్ తమ్ముడు తీసేసి ఇస్తాడు, కాపీ ఒకటి తన డెస్క్‌టాప్ మీద ఉంచుకుంటాడు.

ఇదంతా మన ఊరికి కొత్త విద్య అనుకోకండి. ఐటీ చట్టం 2000లో వచ్చినప్పటి నుంచి ఇదే గణితంతో పెట్టిన సంతకానికి చేతి సంతకంతో సమాన విలువ ఉంది. పంచాయతీ డబ్బు కదలాలంటే డిజిటల్ కీ కావాలి. చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది, లోపలి ప్రైవేట్ కీ బయటికి రాకుండా కట్టుదిట్టంగా చేశారు. గణితజ్ఞులు 1970ల నుంచి చేసిన కృషి అంతా ఆ బొటనవేలంత ప్లాస్టిక్‌లో ఉంది. దాని పిన్ నంబర్ ఏమో చీటీ మీద రాసి, ఆ చీటీని దానికే రబ్బరుబ్యాండుతో చుట్టి, కంప్యూటర్ తెలిసిన పిల్లగాడి చేతికిచ్చి 'నువ్వే చూసుకో తమ్మీ' అనే పద్ధతిని గణితజ్ఞులు ఊహించలేదు. మీ కీకి కూడా ఇంతకన్నా మంచి యజమాని దొరకడు.

ఇప్పుడు అసలు మెట్టు. తమ్ముడి పేరుతో వచ్చిన పబ్లిక్ కీ తమ్ముడిదేనా? మధ్యలో ఎవడో కూర్చుని తన కీకి ఆ పేరు తగిలిస్తే? అందుకే ప్రతి కీకి నలభై అక్షరాల వేలిముద్ర ఉంటుంది, దాన్ని ఫోన్లో చదివించుకుని సరిచూసుకోవాలి. దుబాయి నుంచి వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ దానికి అనుమతి లేదు. బోటిమ్‌లో చేయండి. 'బీ'నా 'డీ'నా అని మీరు, 'ఇనవడ్తలేదన్నా' అని తమ్ముడు, పదకొండో అక్షరం దగ్గర అవ్వ ఫోను గుంజుకుని తిన్నవా బిడ్డా అని అడుగుతుంది. మళ్లీ మొదటి నుంచి.

ఇంత తిప్పలు వద్దనుకుంటే సాక్షుల దారి ఉంది. తెలిసినవాళ్లు ఒకరి కీ మీద ఒకరు సంతకం పెడతారు. ఎవరి సంతకాన్ని ఎంత నమ్మాలో మీరు గ్నూపీజీకి చెప్తారు: నమ్మను, కొంత నమ్ముతా, పూర్తిగా నమ్ముతా. పూర్తిగా నమ్మిన ఒక్కడు చాలు, లేదంటే సగం నమ్మిన ముగ్గురు కావాలి. ఇది చదివి ఆశ్చర్యపోయేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు సాదాబైనామా చూడనివాళ్లే. తెల్లకాగితం, అమ్మినాయన, కొన్నాయన, సగం సగం నమ్మదగిన ముగ్గురు సాక్షులు. ఆ కాగితాల మీద తరాలుగా సేద్యాలు నడిచాయి. 2020లో క్రమబద్ధీకరిస్తామంటే దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. తేడా ఎక్కడంటే గ్నూపీజీలో సాక్షి మాట మార్చాలన్నా మళ్లీ తన కీతోనే సంతకం పెట్టాలి. మన సాక్షికి ఒక క్వార్టర్ చాలు. ఇంకో తేడా, ఐదు చేతులు దాటిన నమ్మకాన్ని అది లెక్కలోకి తీసుకోదు. మన దగ్గర ఐదో చెయ్యి అంటే మేనత్త ఆడబిడ్డ ఇల్లే ఇంకా రాలేదు. విదేశాల్లో దీనికోసం సభలు పెట్టి, పాస్‌పోర్టులు చూసుకుని సంతకాలు చేస్తారట. ఖానాపూర్‌లో ఎదుటివాణ్ని ఆధార్ చూపించమని అడిగి చూడండి. 'నేను ఎవల కొడుకునో ఎరికలేదా?' అన్నాడంటే గుర్తింపు పూర్తయింది, చుట్టరికం కూడా పూర్తయింది.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద అధికారికంగా అడిగితే తాళం తీసివ్వాలి, కాదంటే ఏడేళ్ల దాకా జైలు. 2015 సెప్టెంబరులో ఒక ముసాయిదా వచ్చింది, తాళం వేసిన ప్రతి మాటకూ తాళం లేని కాపీ 90 రోజులు దాచిపెట్టుకోవాలని. గోల లేచేసరికి వెనక్కి తీసుకున్నారు. మనకేం ఇబ్బంది లేకుండె. తాళం లేని కాపీ జిరాక్స్ సెంటర్‌లో ఎట్లాగూ జీవితాంతం ఉంటుంది.

ఇక పంపండి. సబ్జెక్ట్ దగ్గర 'ఎకరం రేటు, పాలోళ్లకు చెప్పకు' అని స్పష్టంగా రాయండి. పాత పద్ధతిలో సబ్జెక్ట్‌కు తాళం పడదు, పడేది లోపలి మాటకే. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో కూడా దారి పొడవునా కనిపిస్తుంది.

రాకపోతే దిగులు వద్దు. 1999లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పన్నెండు మందిని కూర్చోబెట్టి గంటన్నర టైమిస్తే, తాళం వేసి సంతకంతో పంపగలిగింది మూడో వంతే. ముగ్గురు గుట్టును తాళం లేకుండానే పంపేశారు. 2015లో ఒక విలేకరి పీజీపీ మెయిల్ పంపిస్తే తెరవలేకపోయింది సాక్షాత్తూ జిమ్మర్‌మనే. అమెరికా నిఘా గుట్టు మొత్తం చేతిలో పెట్టుకుని స్నోడెన్ ఒక పాత్రికేయుణ్ని ఇది నేర్చుకొమ్మని బతిమాలి, వీడియో చేసి మరీ పంపితే ఆయన పట్టించుకోలేదు. అంత గుట్టుకే దిక్కులేదు, పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఎనిమిదిమంది ఉండే రూముకొచ్చి, వంట వంతు తనదై ఉన్న తమ్ముడు క్లియోపాత్రాను తెరుస్తాడా? నిజానికి ఇంట్లో తాళం అవసరమున్నది అతనొక్కడికే. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ చేతిలో, జీతం రెండు నెలలు బాకీ. ఆ మాట ఎవరూ వినకుండా చెప్పుకునే జాగా అతనికి లేదు. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మాత్రం అందరికీ సొంత గది, సొంత కంప్యూటర్ ఉంటాయనే అనుకున్నారు.

అయినా తమ్ముడు మీ మాట తీసేయడు. సెలవు పూట రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో అన్నీ ఎక్కించి, పాస్‌వర్డ్ ఇద్దరూ కలిసి కొట్టి, చివరికి మీ మెయిల్ తెరుస్తాడు. తెరుచుకున్నదని సంతోషంతో తెరను ఫోటో తీసి 'అన్నా, వచ్చింది!' అని ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. వాట్సాప్‌లో 2016 నుంచి అన్నీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే. ఆ ఫోటో దారిలో ఎవరికీ చిక్కకుండా గ్రూపులోని మొత్తం చుట్టాలకు, పాలోళ్లతో సహా, క్షేమంగా చేరుతుంది. కాసేపట్లో పెద్దబాపు కొడుకు వాయిస్ మెసేజ్ పెడతాడు: 'గింత తక్కువకెట్ల ఇచ్చిన్రు వయా? మొన్న బస్టాండు కాడ ఇంకో లక్ష ఎక్కువ జెప్పిన్రు గద!'