మూస్ గారి మర్యాదలు

నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ బొత్తిగా లేని ప్రాణిని చూడాలంటే కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవికి వెళ్లాలి. మా అబ్బాయి ఉండేది అక్కడే. నేను చెప్పేది వాడి గురించి కాదు, మూస్ గురించి.

జింకల కుటుంబంలో ఇంతకన్నా పెద్దది లేదు. భుజం దగ్గరే దాదాపు ఆరడుగులు. మగవైతే 500 కిలోలు దాటి కూడా తూగుతాయి. కాళ్లేమో పొడుగు, మెడేమో పొట్టి. నేలమీద గడ్డి అందాలంటే మోకాళ్లమీద కూలబడాల్సిందే. వేలాడే పై పెదవి, గడ్డం కింద ఊగే తోలు సంచీ. ఈ ఫొటో పట్టుకుని ఏ పెళ్లిళ్ల పేరయ్యా ఎవరి గుమ్మమూ ఎక్కడు.

అయినా సంసారాలు దివ్యంగా సాగాయి. 1904లో వేట కోసం న్యూ బ్రన్స్‌విక్ నుంచి తెచ్చి ఈ దీవిలోని హౌలీ దగ్గర వదిలినవి నాలుగే. ఇప్పుడు లక్షకు పైమాటే! సంక్రాంతికొచ్చిన అల్లుడు ఇల్లరికం ఖాయం చేసుకున్నట్టు దీవంతా స్థిరపడ్డాయి. మొలిచిన మొక్కనల్లా మేసేస్తుంటే అడవి మళ్లీ లేవడం లేదని, 2011 నుంచి అక్కడి రెండు జాతీయ పార్కుల్లోనూ వేటకి అనుమతిచ్చారు.

ఓ సాయంత్రం మావాడి కార్లో వెళ్తుంటే రోడ్డు పక్క చెరువులో ఒకటి కనిపించింది. తల మొత్తం నీళ్లలోనే. ఎప్పటికో పైకెత్తింది. మూతికి రెండు పక్కలా కలువ తూళ్లు, సంచీ నుంచి కారే నీళ్లు, ఒక చెవి మా వైపు, ఇంకోటి అడవి వైపు. నీటి మొక్కల్లో ఉప్పు బాగా దొరుకుతుందట. తీరిగ్గా నమిలి, గట్టెక్కి, రోడ్డు మధ్యలో నిలబడింది.

“హారన్ కొట్టరా!” అన్నాను.

“వద్దు నాన్నా. చెవులు వెనక్కి వాల్చి, మూపు మీద వెంట్రుకలు నిక్కబొడిచిందంటే మనమే వెనక్కి పోవాలి. గుద్దామంటే దాని కాళ్లు మన బంపరుకి, ఒళ్లంతా మన ఒళ్లోకి.”

వెనకాల కార్లు బారు తీరాయి. దానికేం పట్టింది?

మగవాటి కొమ్ములు ఏటా వసంతంలో మొలిచి వేసవి చివరికి పూర్తవుతాయి, చలికాలంలో ఊడిపోతాయి. మన సంఘాల్లో పదవి ఊడినవాడు ‘మాజీ అధ్యక్షుడు’ అని కార్డు కొట్టించుకుంటాడు. ఇది వెనక్కి తిరిగైనా చూడదు. ఇక శరదృతువులో జతకట్టే వేళ తిండి మానేసి, గిట్టలతో గుంట తవ్వి, అందులోనే మూత్రం పోసి, ఆ బురద ఒంటికీ సంచీకీ పట్టిస్తుంది. ఆ కంపుకి ఆడవి పరుగెత్తుకొచ్చి తామూ దొర్లుతాయి. పెళ్లిచూపులకని మావాడు కొన్న సెంటు సీసా ధర గుర్తొచ్చి నా కడుపు రగిలింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది తల్లి. పిల్ల జోలికొస్తే ఎలుగుబంటినైనా తన్నుతుంది. ఏడాది తిరిగి మళ్లీ ఈనే వేళకి మాత్రం ఆ పిల్లనే తరిమేస్తుంది, నీ మేత నువ్వు చూసుకో అని. మావాడికి ముప్ఫయ్యేళ్లు దాటాయి. మేత ఇంకా మా ఆవిడ సూట్‌కేసులోనే సముద్రం దాటుతోంది.

“వచ్చే ఏడు నుంచి ఆవకాయ నువ్వే పెట్టుకోరా” అన్నాను ధైర్యం చేసి. వాడు చక్కగా వాళ్లమ్మకి చేరవేశాడు. ఆ వారమంతా నా కంచంలో చారూ అన్నమే.