టాలీ బ్యాకప్: కొత్త గుమాస్తాకు మెళకువలు

ఎరువుల షాపులో లెక్కలు రాయడానికి కొత్తగా చేరారా? సంతోషం. బిల్లింగు రెండ్రోజుల్లో పట్టుబడుతుంది. బ్యాకప్పే కాస్త నేర్పు కావలసిన పని.

రోజూ సాయంత్రం షాపు కట్టేసే ముందు తీస్తే ఓనరుగారికి అలవాటైపోయి మీకు విలువుండదు. మార్చి 31 రాత్రి ఒక్కసారి తీయండి. అదీ పక్క సిస్టంలో ఇంకో కుర్రాడు బిల్లులు కొడుతుండగా డేటా ఫోల్డర్‌ను కాపీ కొట్టేయండి. పని చేసుకుంటున్నవాణ్ణి టాలీ మూసెయ్యమనడం ఏం మర్యాద? ఫైళ్లు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే వచ్చాయి.

దాచేది డీ డ్రైవ్‌లోనే. సీ, డీ రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లో ఉంటాయని, అది పోతే రెండూ పోతాయని కొందరు భయపెడతారు. తెరమీద వేర్వేరుగా కనబడుతున్నాయిగా, చాలు. మరీ జాగ్రత్తపరులైతే పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్ని సీపీయూకే గుచ్చి వదిలేయండి. రేపు ర్యాన్సమ్‌వేర్ వస్తే డేటాకూ బ్యాకప్పుకూ ఒకేసారి తాళం వేసుకుని పోతుంది, పాపం దానికీ శ్రమ తగ్గుతుంది. పాత బ్యాకప్ మీదే కొత్తది ఎక్కించడం మరవకండి. మొన్నెప్పుడో పాడైన డేటా ఉంటే, బాగున్న పాత కాపీ అంటూ ఒక్కటీ మిగలదు.

టాలీవాల్ట్ పాస్‌వర్డ్ తప్పక పెట్టండి, ఎక్కడా రాయకండి. అది మరిచిపోతే టాలీ వాళ్లు కూడా తెరవలేరు. అంతకన్నా ఉద్యోగ భద్రత ఏముంటుంది?

ఇక సరిచూడడం. బ్యాకప్ అయిందని తెరమీద వచ్చాక ఇంకా అనుమానమేమిటి? చాదస్తులు దాన్ని వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం సరిపోయిందా, డే బుక్‌లో చివరి వోచర్ ఏ తేదీది, నలుగురు రైతుల లెడ్జర్లలో బాకీ అంతే ఉందా అని చూసుకుంటారు. మీరూ చూసి తీరాలంటే నేరుగా రోజూ వాడే డేటా ఫోల్డర్‌లోకే రిస్టోర్ చేయండి. ఇదే కంపెనీ ఇక్కడ ఉంది, దాని మీదే రాయమంటావా అని అడుగుతుంది. చదవకుండా ఎస్ కొట్టండి. మంగళవారం బ్యాకప్ శనివారం డేటా మీద కూర్చుంటే మధ్యలో నాలుగు రోజుల ఎంట్రీలు మళ్లీ కొట్టుకోవచ్చు, వేళ్లకు వ్యాయామం.

ఆడిటరుగారు చట్టం మాటెత్తుతారు. రోజూ బ్యాకప్, అదీ మన దేశంలోని సర్వర్‌లో ఉండాలని 2022లో తెచ్చిన నిబంధన కంపెనీలకు. మనది ఓనరుగారి సొంత షాపు, బతికిపోయాం. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలన్న జీఎస్టీ నియమం మనకూ ఉంది. ఆ పెన్‌డ్రైవ్ అన్నాళ్లూ బతకదా ఏం?

అంతా పోయాక కంగారు పడకండి. వైరస్ అనండి, ఎవరూ అడ్డు ప్రశ్న వేయరు. కొనుగోళ్లు జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్‌టీఆర్-2బీలో దొరుకుతాయి. అమ్మకాలూ దొరుకుతాయి గానీ రైతులకు జీఎస్టీ నంబరు ఉండదు కనక మొత్తాలే తప్ప పేర్లుండవు. యూరియా ఎవరికి ఎన్ని బస్తాలిచ్చామో ఈ-పాస్ మిషన్ లెక్కల్లో ఉంటుంది. పురుగుమందులు ఉండవు. అరువు మాత్రం ఎక్కడా ఉండదు, అదంతా మీ టాలీలోనే ఉండేది. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "బాబాయ్, మాకు ఎంత బాకీ ఉన్నావు?" అని అడగండి.

"బాకీయా? సంక్రాంతికే కట్టేశాను గదరా అబ్బాయ్. నీ కంప్యూటర్లోనే ఉంటుంది, చూసుకో."