ఎర్త్ బాబాయి

మీ అపార్టుమెంటులోనూ ఒకాయన ఉండే ఉంటాడు. కింద ఎవరో కారు బానెట్ ఎత్తిన చప్పుడైతే చాలు, మూడో అంతస్తులో కాఫీ గ్లాసు సగంలో వదిలేసి సెల్లారులోకి దిగిపోతాడు. ఆ కారు ఆయనది కాదు. ఆ మాటకొస్తే ఆయనకి కారే లేదు. ట్రెజరీలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన మా బాబాయిగారు జన్మలో నడిపింది చేతక్ స్కూటరు ఒక్కటే. కిక్కు కొట్టబోయే ముందు బండిని ఓ పక్కకి ఒంచి లేపే తరం. చేతనైతే నా కారునీ ఒంచి చూసేవాడే.

ఎదుట బాబాయిగారు, వెనకాల ఎర్త్ బాబాయి. ఎందుకంటే ఆయన వైద్యంలో రోగం ఒక్కటే. లిఫ్టు మధ్యలో ఆగితే ఎర్త్. నీళ్ల మోటారు మూలిగితే ఎర్త్. వాచ్‌మన్ ఫోను వేడెక్కినా ఎర్తే.

నా కారుకొచ్చిన జబ్బు ఆయన కోసమే వచ్చినట్టుంది. పదకొండేళ్ల బండి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా తాళం తిప్పగానే లేచేది. సోమవారం పొద్దున మాత్రం సెల్ఫ్ కొడితే టకటకమని ఊరుకునేది. డాష్‌బోర్డులో లైట్లు చమురైపోయిన దీపాల్లా మినుకుమనేవి. సోమవారమే ఎందుకలా అంటే, శివుడికి అభిషేకం బాకీ ఉందేమో చూసుకోమంది మా ఆవిడ.

మొదటి సోమవారం బాబాయిగారు జేబులోంచి టెస్టర్ తీశాడు. ప్లగ్గులో గుచ్చితే పిడిలో ఎర్రగా వెలిగే స్క్రూడ్రైవరు ఉంటుందే, అది. దాని మొన బ్యాటరీ ప్లస్ మీద ఆనించి, వెనక బొటనవేలు నొక్కి, కళ్లు చిట్లించి చూశాడు. వెలగలేదు.

“చూశావా అబ్బాయ్, పవర్ లేదు.” మైనస్ మీదా పెట్టాడు. “ఎర్తూ లేదు.”

ఆ టెస్టర్లో ఉండే నియాన్ బుడ్డి ఏ 60 వోల్టులో తగిలితే తప్ప కన్ను తెరవదు. 12 వోల్టుల కారు బ్యాటరీ మీద పెడితే, షోరూంలోంచి అప్పుడే దిగిన బండికైనా వెలగదు. ఆ సంగతి ముందే తెలిసుంటే నాకు 4,500 రూపాయలు మిగిలేవి. కొత్త బ్యాటరీతో రెండు సోమవారాలు బాగానే గడిచాయి. మూడో సోమవారం మళ్లీ టకటక.

“అయితే డైనమో. దాని ఎర్త్ పోయింది.” మెకానిక్ ఇంజను ఆడుతుండగా మీటర్ పెట్టి చూశాడు, 14.2 వోల్టులు. చార్జింగ్ లక్షణంగా ఉంది. “అయితే సెల్ఫ్ మోటారు.” దాన్నీ విప్పించాం, బ్రష్‌లు మార్పించాం. ఇక తోయించడమే గతైంది. వాచ్‌మన్, పాలబ్బాయి, ఎదురింటి కుర్రాడు సెల్లారు ర్యాంపు మీదుగా పైకి తోస్తుంటే బాబాయిగారు పక్కనే నడుస్తూ “సెకండ్ గేర్! ఇప్పుడు క్లచ్ వదులు! ఇప్పుడు కాదు, ఇందాక వదలాల్సింది!” అనేవాడు. బండి మీద మాత్రం చెయ్యి వేసేవాడు కాదు.

ఇందులో ఆయనకి పైసా లాభం లేదు, అది ఒప్పుకోవాలి. కాఫీ కూడా వాళ్లింట్లోదే తాగేవాడు. “ఆదివారం రాత్రే చొక్కా ఇస్త్రీ చేసుకుని పెట్టుకుంటున్నారండీ” అని పిన్నిగారు మా ఆవిడతో అన్నారట. అది విన్నాక ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

చివరికి ఆటోనగర్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చాడు. పాతికేళ్లుంటాయి. అడిగింది ఒక్కటే.

“శని, ఆదివారాలు బండి తీస్తారా సార్?”

“తియ్యను.”

బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్యలో మీటర్ తగిలించాడు. డోరు తీసే ఉంచి, దాని లాకులో స్క్రూడ్రైవరు దూర్చి, తలుపు పడిందని బండిని నమ్మించాడు. “నిద్రపోనివ్వండి సార్” అని అరగంట కూర్చున్నాడు. తర్వాత మీటర్ చూపించాడు. 0.45 ఆంపియర్లు.

“పడుకున్న బండి 0.05 దాటి తాగకూడదు సార్.”

“ఎర్త్ చూడు నాయనా” అన్నాడు బాబాయిగారు. కుర్రాడు పలక్కుండా ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. రూంలైటు ఫ్యూజు పీకగానే అంకె ధబాలున 0.03కి దిగింది. తీరా చూస్తే రూంలైటు ఆరిపోయే ఉంది. ఫ్యూజు మళ్లీ పెట్టి, నా ఫోను అడిగి, వీడియో ఆన్ చేసి డిక్కీలో పడేసి, మూత వేసి, పది అంకెలు లెక్కపెట్టి తీశాడు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. మూసిన డిక్కీలో స్టెప్నీ, మావాడి షటిల్ బ్యాటు, సంక్రాంతికి తెచ్చి మర్చిపోయిన అరిసెల డబ్బా పట్టపగల్లా కనిపిస్తున్నాయి.

5 వాట్ల బుడ్డి దీపం. శుక్రవారం సాయంత్రం 7 నుంచి సోమవారం పొద్దున 8 దాకా 61 గంటలు ఎవరూ చూడని ఆ అరిసెల డబ్బాకి దీపారాధన చేసి, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ముప్పాతిక తాగేస్తోంది. మూత పడినప్పుడు స్విచ్‌ని నొక్కాల్సిన రబ్బరు బొడిపె ఎప్పుడో ఊడిపోయింది. కుర్రాడు తన సంచీలోంచి ఒక ముక్క కోసి అంటించి, 300 పుచ్చుకున్నాడు.

బాబాయిగారి మొహం చిన్నబోయింది. వచ్చే సోమవారానికి ఆయనకి పని లేదు. అలవాటు కొద్దీ అడిగాడు. “ఇంతకీ ఆ స్విచ్ చేసే పనేంటి నాయనా?”

“బల్బుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది సార్. స్విచ్ మీద నొక్కుడు లేకపోతే బాడీకి తగిలి...” కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. “ఎర్త్ ఇస్తుంది.”

సెల్లారులో ఎవరూ మాట్లాడలేదు. బాబాయిగారు టెస్టర్ తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“మూడు నెలల నుంచి నేను మొత్తుకుంటున్నదేంటి?”

ఆ రోజు ఆయన లిఫ్టు ఎక్కలేదు. మెట్ల మీదుగా వెళ్తూ, అంతస్తంతస్తునా ఆగి, తలుపు తలుపూ తట్టి చెప్పి మరీ వెళ్లాడు.