మా డాక్టరుకు ఇంకా పరీక్షలున్నాయి

హాలహర్వి చుట్టుపక్కల పల్లెల్లో రెండు రకాల డాక్టర్లున్నారు. మొదటాయన ఏ వైద్య పరీక్షా రాసి ఎరగడు. బండికి సంచి తగిలించుకుని వస్తాడు, దూలానికున్న మేకుకు సెలైన్ సీసా వేలాడదీస్తాడు, సూది వేస్తాడు, డబ్బులు పత్తి అమ్మినాక ఇస్తామన్నా సరేనంటాడు. రెండోవాడు ఊహ తెలిసినప్పటి నుంచీ పరీక్షలే రాస్తున్నాడు. ముందు నీట్ రాశాడు. 2018 నుంచి విదేశంలో చదవాలన్నా నీట్ గట్టెక్కాల్సిందే మరి. తర్వాత కిర్గిజ్‌స్తాన్ వెళ్ళి బిష్కెక్ మంచులో ఆరేళ్ళు రాశాడు. ఇప్పుడు ఇంటికొచ్చి, మిద్దె మీద దుప్పటి పరుచుకుని, ఇంకో పరీక్షకు చదువుతున్నాడు. మన వ్యవస్థకు మొదటాయన మీద ఇంతవరకూ అనుమానం రాలేదు. ఉన్న అనుమానాలన్నీ రెండోవాడి మీదే.

పడమటి కర్నూలుకు సుగ్గి కొత్త కాదు. వాన మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప తోటలకు పోతారు, కూలి డబ్బులతో తిరిగొస్తారు. ఈ డాక్టరు సుగ్గిలో మాత్రం డబ్బు ఇక్కడి నుంచే అక్కడికి పోతుంది. తిరిగొచ్చేది ఒక పట్టా, నాలుగు రష్యన్ తిట్లు. చేను అమ్మిన తండ్రిని, కొడుకు విమానం ఎక్కేదాకా "సార్ సార్" అన్న కన్సల్టెన్సీ కుర్రాడు చివర్లో తేలిగ్గా ఒక మాట చెప్పి ఉంటాడు: "వచ్చినాక చిన్న పరీక్ష ఉంటుంది సార్, ఉత్త ఫార్మాలిటీ."

ఆ ఉత్త ఫార్మాలిటీ పేరు ఎఫ్‌ఎంజీఈ. 2002 నుంచి నడుస్తోంది, ఏటా రెండుసార్లు. 300 ప్రశ్నలు. 150 వస్తే ఒక గండం గడిచినట్టు, 149 వస్తే మళ్ళీ మిద్దె. తప్పు రాస్తే మార్కులు కోయరు, ఫీజు మాత్రం రాసినప్పుడల్లా కోస్తారు. 2025 జూన్ విడతలో 36 వేల మందికి పైగా రాస్తే 6,707 మంది బయటపడ్డారు. మిగతావాళ్ళకు చదువు రాలేదని ఢిల్లీలో తేల్చేశారు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. అక్కడ రోగి రష్యన్‌లో మూలుగుతాడు, మనవాడు ఇంగ్లీషులో రాసుకుంటాడు, మధ్యలో జబ్బు ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. అలాంటివాడి చేతికి కత్తి ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగడం సబబే. ఆ నాలుగూ అందరినీ అడుగుదామని, ఇక్కడ చదివినా అక్కడ చదివినా నెక్స్ట్ అనే ఒకే పరీక్ష పెడదామని 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోనే రాసుకున్నారు. మూడేళ్ళలో రావాల్సిన ఆ పరీక్ష గడువు మీద గడువు దాటుకుంటూ పోయింది.

పాసైతే అయిపోయిందా అంటే, అదీ లేదు. 2021 నిబంధనల ప్రకారం అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ చేసొచ్చినవాడు ఇక్కడ మళ్ళీ ఏడాది చేయాలి. కరోనాలో ఆన్‌లైన్ పాఠాలు విన్నవాడైతే ఆ పాపం కడుక్కోవడానికి ఇంకా ఎక్కువే. కాలేజీలో ఇలాంటివాళ్ళకిచ్చే చోటు ఉన్న సీట్లలో 7.5 శాతం. పోనీ దగ్గర్లో ఆదోనికి ప్రభుత్వ వైద్య కళాశాల వస్తోంది కదా అని ఆశపడితే, 2025లో దాన్ని ప్రైవేటువాళ్ళతో కలిసి నడిపే పీపీపీ బాట పట్టించారు. డాక్టరుకూ కాలేజీకీ ఒకే జబ్బు, ఇద్దరికీ ఇంకా అనుమతులు కావాలి.

ఇంతలో ఒక రాత్రి పక్కింటి అవ్వకు తేలు కుట్టింది. ఊరు ఊరంతా మిద్దె కిందికొచ్చి నిలబడింది.

"ఏం నాయనా, ఆరేండ్లు సదివి ఒగ సూది ఎయ్యలేవా?"

పిల్లోడు దిగి చూశాడు. అవ్వకు చెమటలు కారుతున్నాయి, చేతులు చల్లబడ్డాయి, గుండె దడదడలాడుతోంది. ప్రశ్న వాడికి కంఠతా వచ్చు, నాలుగు జవాబుల్లో సరైనదీ వచ్చు: ప్రజోసిన్ మాత్ర. కొంకణ్‌లోని మహాడ్‌లో డాక్టర్ బావస్కర్ ఈ మాత్రతోనే ఎందరో తేలుకాటు రోగుల ప్రాణాలు నిలబెట్టాడని కూడా చదివాడు. దాంతోపాటు ఇంకో సంగతీ చదివాడు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే అదే 2019 చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. చేతులు వెనక్కి కట్టుకుని "ఆలూరు ఆస్పత్రికి ఆటో పిలవండి, అక్కడ ప్రజోసిన్ మాత్ర ఇమ్మని అడగండి" అన్నాడు. జనం పెదవి విరిచారు.

ఆటో వచ్చేలోగా మొదటాయన, అంటే ఊరంతా ఆర్‌ఎంపీ అని పిలిచే ఆయన, వచ్చాడు. 34వ సెక్షన్ ఆయనకూ వర్తిస్తుంది గానీ ఆయన దాన్ని చదవలేదు. అలవాటుగా సూది వేశాడు, సీసా వేలాడదీశాడు. తర్వాత పిల్లోణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"డాక్టరు సారూ, ఇందాక ఏందో మాత్ర అంటిరంటనే, పేరు ఇంగోసారి చెప్పండి."

అరచేతి మీద రాసుకుని, అవ్వతోపాటు ఆటో ఎక్కి, ఆలూరులో డ్యూటీ డాక్టరుకు ఆ పేరు తానే చెప్పాడు. అవ్వ బతికింది. తిరిగొచ్చినాక కొంగుముడి విప్పి ఆర్‌ఎంపీ చేతిలో ఐదు వందలు పెట్టింది. మిద్దె మీదికి తలెత్తి పిల్లోణ్ణి ఆప్యాయంగా దీవించింది:

"నువ్వూ బాగా సదువుకో నాయనా, ఆయప్ప మాదిరి డాక్టరైతావు."