బిగించిన పార్టు వాపసు లేదు

బెజవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విడిభాగాల దుకాణానికి వెళ్తే, కౌంటరు వెనక గోడకు తరచూ రెండు బోర్డులు కనిపిస్తాయి. ఒకటి, ‘ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.’ రెండోది, ‘ఎలక్ట్రికల్ పార్టులకు గ్యారంటీ లేదు.’ రెంటికీ మధ్యన లక్ష్మీదేవి పటం. ఆమె చూపు ఎప్పుడూ గల్లాపెట్టె వైపే.

బోర్డుల వెనక ఉన్న తర్కాన్ని తీసిపారేయడానికి లేదు. పార్టు మంచిదో కాదో బండికి బిగిస్తేగానీ తెలియదు. బిగించాక అది వాడిన సరుకు. వాడిన సరుకును ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు. పోనీ, బిగించకుండానే తెచ్చి ‘ఇది పనిచేయడం లేదు’ అంటే, ‘బిగించకుండా నీకెలా తెలిసింది?’ అని అడుగుతాడు. అడగడూ మరి!

మూడు నాలుగు వందల సెల్ఫ్ రిలే చుట్టూ ఈ ముచ్చట ఎలా నడుస్తుందో రోజూ బండి మీద బతికేవాళ్లకు కొత్త కాదు.

“అన్నా, నిన్న తీసుకెళ్లిన రిలే. రాత్రికే పోయింది.”

“ఎవరు బిగించారు తమ్ముడూ?”

“మన మెకానిక్కే.”

“అదీ సంగతి! వైరు తిరగేసి పెట్టుంటాడు. సరుకులో తేడా ఉండదు.”

మెకానిక్ దగ్గరికెళ్తే అతను స్పానర్ కింద పెట్టకుండానే తేల్చేస్తాడు: “డూప్లికేట్ అంటగట్టాడన్నా. నేను చెప్పిన షాపుకెళ్లమంటే విన్నావా?” ఇద్దరి మాటల్లోనూ తేలే నేరస్థుడు ఒక్కడే. షాపు ఎంచుకున్నదీ అతనే, మెకానిక్‌ను ఎంచుకున్నదీ అతనే, ఇప్పుడు బండి తోసుకుంటూ వెళ్తున్నదీ అతనే.

అసలు కథ మాత్రం బిల్లు దగ్గర మొదలవుతుంది. “బిల్లు కావాలా? అయితే జీఎస్టీ పడుతుంది” అన్న మాటకు మన జనం ఇట్టే లొంగిపోతారు. చాలా పార్టుల మీద పన్ను 28 శాతం ఉన్న రోజుల్లో ఆ లొంగుబాటుకు కాస్త అర్థం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతానికి దిగినా అలవాటు మాత్రం దిగలేదు. చేతికొచ్చేది చిన్న ప్యాడ్‌లోంచి చించిన కచ్చా చీటీ. షాపు పేరుండదు, తేదీ ఉండదు, ‘రిలే–1’ అనీ దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ చీటీ పట్టుకుని వారంటీ అడగడమంటే అత్తగారి ఊరి పేరు తెలియకుండా పెళ్లికి బయల్దేరడమే.

సరే, జాగ్రత్తపరులు కంప్యూటర్ బిల్లే అడిగి తీసుకుంటారు. తీసుకుని బండి డాష్‌బోర్డులో పెడతారు. ఆ బిల్లు థర్మల్ కాగితం. అక్షరాలు వేడితో పుట్టేవే గనక, మన మే నెల ఎండకు కారు అద్దాల వెనక ఆ కాగితం మొత్తం నల్లబారుతుంది. నీడలో దాచినా నెలలు గడిచేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి. బ్యాటరీకిచ్చే నలభై ఎనిమిది నెలల వారంటీకి ఏడాది కూడా నిలవని కాగితాన్ని సాక్ష్యంగా ఇవ్వడంలో ఎవరి దూరదృష్టి ఉందో గానీ, ఆ వ్యక్తి మేధావి.

చట్టం ఏమంటుందంటే, ఇదేమీ కుదరదంటుంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడాన్ని, డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కిందే రాసింది. బిల్లులో గడువు ఉంటే ఆలోపు, లేకుంటే 30 రోజుల్లో డబ్బివ్వాలి. బిల్లు ఇవ్వకపోవడమూ ఆ జాబితాలోదే. అంటే గోడ మీద ఆ మొదటి బోర్డు, లోపమున్న సరుకు వరకైతే, తాను చేస్తున్న తప్పును తానే పెద్దక్షరాల్లో రాసి వేలాడదీసుకోవడం. ఇంత నిజాయితీ మరే వ్యాపారంలోనూ కనిపించదు.

ఫిర్యాదు కూడా ఖరీదేమీ కాదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపుంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు లేకుండా ఎవరి కేసు వారే వాదించుకోవచ్చు, రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయొచ్చు. ముందుగా 1915కు ఫోన్ కొట్టొచ్చు. కమిషన్‌లో వేసిన కేసును మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. సరుకును పరీక్షకు పంపాల్సొస్తే ఐదు నెలలు. ల్యాబ్ నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష ఫీజు మాత్రం ఫిర్యాదు చేసినవారినే ముందుగా కట్టమనవచ్చు. నాలుగు వందల రిలే కోసం ఈ యాత్ర ఎవరు కడతారో షాపువాడికి బాగా తెలుసు. ఆ మాటకొస్తే చట్టం రాసినవారికీ తెలిసే ఉంటుంది.

షాపువాడి గోడు కూడా వినాలి. కొత్త పార్టు కొనుక్కెళ్లి, ఇంట్లో ఉన్న పాతదాన్ని ఆ డబ్బాలో పెట్టి ‘పోయింది’ అని తెచ్చే మహానుభావులకు కొదవ లేదు. అందుకే అమ్మే ప్రతి పార్టు మీదా మార్కర్‌తో ఒక గీతో, సంతకమో, తేదీయో పెట్టి ఇస్తారు. ఆ గీత పోతే వారంటీ పోయినట్టే. ఇంజిన్ పక్కన గ్రీజులో, వేడిలో తిరిగే పార్టు మీద మార్కర్ సిరా ఎన్నాళ్లుంటుందని అడిగితే ఆయన పైకప్పు వైపు చూస్తాడు. అటు కంపెనీకి పంపిన క్లెయిమ్ డబ్బులు తనకు ఎప్పుడొస్తాయో ఆయనకీ తెలియదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు సెలవులకొచ్చినప్పుడు ఇవన్నీ విని నవ్వుతారు. అక్కడి పెద్ద పెద్ద విడిభాగాల దుకాణాలు అరిగిపోయేందుకే పుట్టిన బ్రేక్ ప్యాడ్లకు కూడా ‘లిమిటెడ్ లైఫ్‌టైమ్’ వారంటీ ఇస్తాయి. అయితే ఆ లైఫ్ మొదటి కొనుగోలుదారుడి చేతిలో ఆ బండి ఉన్నంతవరకే, బిగింపు కూలి ఎవరిది వారిదే. అక్కడి మెకానిక్ గంట కూలి గుర్తొచ్చేసరికి నవ్వు కాస్త తగ్గుతుంది.

టైర్ల సంగతి మరీ సొగసు. వారంటీ తయారీ లోపానికే. టైరు పక్కగోడ ఉబ్బిందంటే లోపలి దారాలు తెగాయన్నమాట, దారాలు తెగాయంటే గుంతలో గట్టిగా పడిందన్నమాట, గుంతలో పడిందంటే అది కంపెనీ తప్పు కాదన్నమాట. తనిఖీ ఇన్‌స్పెక్టర్ ట్రెడ్ లోతు గేజితో కొలిచి, రాసుకుని, ‘ఇంపాక్ట్ డ్యామేజ్’ అని ముద్ర వేస్తాడు. గుంత ఎవరిదో ఆ ఫారంలో గడి లేదు. పంచాయతీరాజ్ వాళ్లు ఆర్ అండ్ బీ వైపు, ఆర్ అండ్ బీ వాళ్లు మున్సిపాలిటీ వైపు చూపిస్తే ఇన్‌స్పెక్టర్ ఎవరికని ముద్ర వేస్తాడు?

కానీ కిరీటం బ్యాటరీకే పెట్టాలి. కార్డు మీద ‘48 నెలలు’ అని లావుగా ఉంటుంది. కింద సన్నగా ‘24+24’. మొదటి 24 నెలలు ఉచిత మార్పిడి, తర్వాతి 24 నెలలు ప్రోరేటా, అంటే కొత్తదాని ఎంఆర్‌పీ మీద కొంత తగ్గింపు. ఎంఆర్‌పీకి బ్యాటరీ కొన్నవాణ్ని ఈ గడ్డ మీద ఎవరూ చూడలేదు. ఎంఆర్‌పీ 6,000 అనుకుందాం. పాతికశాతం ప్రోరేటా తగ్గింపుతో 4,500. పాత బ్యాటరీ వాళ్లే ఉంచుకుంటారు. అదే బ్యాటరీ పక్క షాపులో, వారంటీ ఊసెత్తకుండా, పాతది తూకానికిచ్చి బేరమాడితే కూడా ఇంచుమించు అంతకే వస్తుంది. లోపల ఉన్నది చాలావరకు సీసమేగా, దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

ఉచిత మార్పిడి కాలంలోనే పోయినా పండగేమీ కాదు. ముందు దాన్ని ఒకట్రెండు రోజులు చార్జింగ్‌లో పెడతారు. హైడ్రోమీటరు ముంచి చూస్తారు, లోడ్ టెస్టర్ తగిలిస్తారు. ‘చార్జింగ్ దిగిపోయింది, లోపం కాదు’ అనొచ్చు. ‘ఆల్టర్నేటర్ ఎక్కువ కొడుతోంది’ అనొచ్చు. ‘ఈ అదనపు హారన్లు, ఎల్‌ఈడీ లైట్లు ఎవరు పెట్టమన్నారు?’ అనీ అనొచ్చు. ఇవన్నీ దాటి, ఇరవై మూడో నెలలో కొత్త బ్యాటరీ చేతికొచ్చిందే అనుకోండి. దాని వారంటీ కొత్తగా మొదలవదు, పాతదాని లెక్కే నడుస్తుంది. ఉచిత మార్పిడికి మిగిలింది ఒక్క నెల. ఆపైన అది మొరాయిస్తే మళ్లీ ఎంఆర్‌పీ, మళ్లీ ప్రోరేటా.